ఉత్తర కార్తె నుంచి సంక్రాంతి దాకా: తిరుపతి వానల్లో గోల్ఫ్ గ్రీన్ కాపాడుకోవడం

గోల్ఫ్ గ్రీన్‌ని (బంతిని చివర్లో గుంతలోకి దొర్లించే పొట్టి గడ్డి నేల) శరదృతువులో ఎలా చూసుకోవాలని ఎక్కడ వెతికినా ఇంగ్లండ్ వాళ్ళో అమెరికా వాళ్ళో చెప్పిందే దొరుకుతుంది. అక్టోబరు, నవంబరుల్లో నేలకు రంధ్రాలు వెయ్యండి, ఇసుక పొయ్యండి, చలికి పెరిగే రై గడ్డి విత్తనం చల్లండి, మంచు పడేలోపు ముగించండి అంటారు. వాళ్ళ ఊళ్ళకు అది సరే. తిరుపతిలో ఆ నెలల్లో ఆ పని పెట్టుకుంటే గ్రీన్ కాస్తా బురదగుంట అవుతుంది. మనకు అప్పుడు దిగేది ఈశాన్య రుతుపవనం. 2021 నవంబరులో ఊళ్ళో వీధులు ఏరులై పారింది ఇక్కడెవరూ మర్చిపోలేదు. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపానుకూ చుట్టుపక్కల చేలన్నీ నీళ్ళలోనే ఉన్నాయి. అందుకని నేను క్యాలెండర్‌లో నెల చూడను, కార్తె చూస్తాను. మా నాయన వేరుశనగకు చూసినట్టే.

నేను బెంగుళూరులో ఒక గోల్ఫ్ కోర్సులో మాలీగా చేరి, గ్రీన్స్ మీద చాలా ఏళ్ళు పనిచేసి, సొంతూరికి తిరిగొచ్చిన మనిషిని. ఇప్పుడు చంద్రగిరి అవతల ఒక సారు తన మామిడి తోటలో వేయించుకున్న ప్రాక్టీస్ గ్రీన్ చూస్తున్నాను. నాలుగు వందల చదరపు మీటర్లు, అంటే పది సెంట్లు. మూడు కప్పులు, అంటే బంతి పడే గుంతలు. గడ్డి టిఫ్‌డ్వార్ఫ్. మనం వినాయకుడికి పెట్టే గరికనూ ఆఫ్రికా గరికనూ కలిపి పుట్టించిన సంకర జాతుల్లోది. అమెరికాలో జార్జియా రాష్ట్రం టిఫ్టన్ పరిశోధన కేంద్రం నుంచి 1965లో బయటికొచ్చింది. ఎంత చదువుకున్నా గరిక గరికే. ఎండ కావాలి, వేడి కావాలి. నాలుగు రోజులు వరసగా మబ్బు పడితే నీరసపడుతుంది.

రై గడ్డి సంగతి ఇక్కడే తేల్చేస్తాను, ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. ఢిల్లీ లాంటి చోట చలికి గరిక గోధుమరంగుకు తిరిగి పడుకుంటుంది కాబట్టి పైన రై చల్లుకుంటారు. తిరుపతి చలికి గరిక నిదానిస్తుందే గానీ పడుకోదు. రై వేస్తే ఆ మూడు నెలలూ గరికకు అందాల్సిన ఎండ అది తినేసి, మార్చిలో మన ఎండకు అది మాడిపోయి, గ్రీన్ అంతా బోడి మచ్చలతో మిగులుతుంది. వద్దు.

రంధ్రాల పని ఉత్తరలోనే

ఉత్తర కార్తె సెప్టెంబరు రెండో వారం చివర్లో వస్తుంది. వినాయక చవితి సందడి అయ్యీ కాకముందే ఈ పని మొదలుపెట్టాలి. దానికి కారణాలు రెండు. రంధ్రాలు పూడి గడ్డి మళ్ళీ కమ్ముకోవడానికి వేడి ఉన్న రోజులు రెండు మూడు వారాలు కావాలి. చిత్త కార్తె, అంటే అక్టోబరు పదో తారీఖు దాటితే ఆ రోజులు ఉంటాయన్న భరోసా లేదు. రెండోది కూలీల సంగతి. తమిళుల పెరటాసి నెల శనివారాలు, బ్రహ్మోత్సవాలు మొదలైతే తిరుపతిలో మనిషి దొరకడు. దొరికినా బండి ఎక్కి రాలేడు.

ముందు గ్రీన్‌లో ఒక ముక్క కోసి చూడండి. అంచున, కప్పులకు దూరంగా ఉన్న చోట, పొడుగు కత్తితో పదిహేను సెంటీమీటర్ల లోతుకు నాలుగు వైపులా కోసి, అలాగే పైకి తీసి పక్కకు పడుకోబెట్టండి. పైన పచ్చటి ఆకు. దాని కింద గోధుమరంగు పొర ఒకటి ఉంటుంది, వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది, పిండితే నీళ్ళు కారతాయి. చచ్చిన కాడలూ వేళ్ళూ కుళ్ళకుండా పేరుకున్నది అది. మేం థాచ్ అంటాం. అర అంగుళం దాటిందంటే వాన నీళ్ళన్నీ అక్కడే నిలుస్తాయి, కిందికి దిగవు. ఇంకా కిందికి చూడండి. ఇసుకలో నల్లటి గీత కనిపించి, ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడితే వేళ్ళకు గాలి ఆడడం లేదని అర్థం. తెల్లటి వేళ్ళు ఎంత లోతుకు పోయాయో స్కేలు పెట్టి గోడ మీదైనా రాసుకోండి. మళ్ళీ జనవరిలో కోసి చూసినప్పుడు పనికొస్తుంది. చూడడం అయ్యాక ముక్కను దాని చోట దాన్ని పెట్టి తొక్కితే వారంలో అతుక్కుంటుంది.

ఆ థాచ్ పొరలోంచి నీళ్ళూ గాలీ కిందికి దిగాలనే ఈ రంధ్రాలు. మేం వేసేది పన్నెండు మిల్లీమీటర్ల బోలు గొట్టంతో, ఏడున్నర సెంటీమీటర్ల లోతు, ఐదు సెంటీమీటర్ల ఎడం. చదరపు మీటరుకు 400 రంధ్రాలు పడతాయి. ఇంత చేసినా తీసేది నేలలో నాలుగున్నర శాతమే. మా సారు మొదటి ఏడాది ఇది విని "చేతి ఫోర్కుతో తొక్కిస్తే పోలా?" అన్నారు. పది సెంట్లకు లక్షా అరవై వేల రంధ్రాలు సార్ అని లెక్క చెప్తే ఊరుకున్నారు. రంధ్రాలు వేసే ఏరేటర్ మెషిన్ రెండు రోజులకు బాడుగకు తెచ్చుకోవడమే మేలు. ఫోర్కు మూలలకూ, వాన తర్వాత నీళ్ళు నిలిచే చోట్లకూ ఉంచుకోండి. వెల్డింగ్ షాపులో సన్న స్టీలు గొట్టం ముక్కలిచ్చి చేయించుకోవచ్చు, చివర సాన పట్టిస్తే చాలు.

గొట్టాల్లోంచి వచ్చిన మట్టి వత్తులు గంటో రెండు గంటలో ఆరనిచ్చి, వెడల్పు పారతో పోగు చేసి తీసెయ్యాలి. తడి మీద ఊడిస్తే రంధ్రాల్లోకే పూసుకుపోతాయి. ఆ వత్తులు మామిడి పాదుల్లో వేస్తాం.

ఇసుక

గ్రీన్ బాగుపడినా చెడినా ఇసుకతోనే. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ, కాస్త ఓపిక పట్టండి.

పద్ధతిగా కట్టిన గ్రీన్‌లో అడుగున కంకర పొర, దాని మీద ముప్పై సెంటీమీటర్ల ఇసుక ఉంటుంది. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో చెప్పిన పద్ధతి ఇది, ఇప్పటికీ చాలా దేశాల్లో దాన్నే సవరించుకుంటూ వాడుతున్నారు. ఆ ముప్పై సెంటీమీటర్లూ ఒకే రకం ఇసుక కావాలి. పైన సన్న ఇసుక, కింద ముతక ఇసుక అయితే నీళ్ళు ఆ రెండూ కలిసే గీత దగ్గర ఆగిపోతాయి, పై పొర పూర్తిగా నిండితే గానీ కిందికి దిగవు. మా గ్రీన్ కట్టిన కాంట్రాక్టరు చివర్లో సరుకు చాలక గోడలకు పూసే ప్లాస్టరింగ్ ఇసుక రెండు అంగుళాలు పరిచి చేతులు దులుపుకున్నాడు. దాని పాపం ఏటేటా రంధ్రాలు వేసి కొంచెం కొంచెం కడుక్కుంటున్నాం.

ఏటి ఇసుక తెచ్చుకుంటే ముందు గాజు సీసా పరీక్ష చెయ్యండి. సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్ళు పోసి, బాగా కుదిపి, కదలకుండా రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున ఇసుక పైన ఎర్రటి ఒండ్రు గీత ఒకటి తేరి ఉంటుంది. అది కంటికి సన్న దారంలా ఉంటే పరవాలేదు. చిటికెన వేలి మందం ఉందంటే ఆ లోడు వెనక్కి పంపించండి, డ్రైవరు ఎంత మొత్తుకున్నా సరే. ఇసుక రేణువు పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఎక్కువగా ఉండాలి. రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి రాళ్ళు, గవ్వలు ఏరెయ్యాలి, లేకపోతే మెషిన్ బ్లేడు పళ్ళూడుతుంది. మట్టి, నీళ్ళ పరీక్షకు తిరుపతిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉండనే ఉంది. అక్కడివాళ్ళ మాట వినకుండా ఎరువుల షాపులో చెప్పింది వేసేవాళ్ళను చూస్తే నాకు జాలి.

ఎంత కావాలంటే, పైన చెప్పిన లెక్కకు చదరపు మీటరుకు సుమారు మూడున్నర లీటర్లు. పది సెంట్లకు రెండు టన్నుల పైమాటే. ఇసుక పొడిగా ఉండాలి, గడ్డి పొడిగా ఉండాలి, ఎండ ఉండాలి. టార్పాలిన్ మీద రెండు రోజులు ఎండబెట్టి, మధ్యాహ్నం పన్నెండు దాటాక చల్లి, కొబ్బరి పీచు చాపను తాడు కట్టి అటూ ఇటూ లాగుతాం. రంధ్రం నోటి దాకా నిండాలి. సగం నిండిన రంధ్రం వానకు నీళ్ళ గుంత, తర్వాత కూలిపోయి కప్పు వైపు దొర్లే బంతికి గతుకు. చివరికి పల్చగా నీళ్ళు పెట్టి, మర్నాడు రోలర్ వేస్తే సరి.

రంధ్రాలు పూడాలంటే తిండి పెట్టాలి. ఈ ఒక్కసారికి యూరియాకు నేను వెనకాడను. పది సెంట్లకు కేజీ ముప్పావు, రెండు విడతలుగా వారం ఎడంతో, నీళ్ళలో కరిగించి పిచికారీ చేసి వెంటనే నీళ్ళు పెడతాం. హస్త కార్తె అయిపోయేసరికి గ్రీన్ మూసుకుంటుంది.

చిత్త, స్వాతి: బ్లేడు పైకి, యూరియా బంద్

మబ్బులు మొదలయ్యాక గడ్డికి ఎండ తగ్గుతుంది, తయారుచేసుకునే తిండీ తగ్గుతుంది. అప్పుడు ఆకు ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది. ఎండాకాలంలో నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కోసే మెషిన్‌ని అక్టోబరులో ఐదుకు ఎత్తుతాను. ఒక్క మిల్లీమీటరే గదా అనుకోకండి, ఆకులో అది నాలుగో వంతు.

ఆడేవాళ్ళకు ఇది నచ్చదు. సారు చెన్నై నుంచి శనివారం వస్తారు, రెండు బంతులు కొట్టి "ఏమబ్బా, బంతి నత్తనడక నడుస్తోందే" అంటారు. "సంక్రాంతి దాకా ఇంతే సార్. రోలర్ ఇంకో రౌండు వేసిస్తా గానీ బ్లేడు దించను" అంటాను. నేల పొడిగా ఉన్న రోజున వారానికి రెండు మూడు సార్లు రోలింగ్ చేస్తే వేగం కొంత వెనక్కి వస్తుంది, గడ్డికి నష్టం ఉండదు. తడి నేల మీద రోలర్ మాత్రం ఎవరు చెప్పినా వెయ్యకండి. వేసిన రంధ్రాల ఫలితమంతా ఒక్క పూటలో పోతుంది.

బ్లేడు పదును కాగితంతో చూసుకోవాలి. దినపత్రిక సన్న ముక్క చించి రీలుకూ (గుండ్రంగా తిరిగే కత్తుల చుట్ట) కింది బ్లేడుకూ మధ్య పెట్టి రీలును చేత్తో నిదానంగా తిప్పండి. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కత్తెర కోసినట్టు తెగాలి. ఎక్కడైనా కాగితం మడత పడి జారిందంటే అక్కడ గడ్డినీ కొయ్యడం లేదు, పీకుతోంది. పీకిన ఆకు కొస తెల్లగా పీచు పీచుగా ఉంటుంది, తెగులు అక్కడి నుంచే లోపలికి పోతుంది. రీలు తిరిగేటప్పుడు వేళ్ళు జాగ్రత్త, కరెంటు మెషిన్ అయితే ప్లగ్గు పీకాకే.

యూరియా ఇక ఆపెయ్యాలి, లేదా నామమాత్రం. మబ్బుల్లో యూరియా వేస్తే ఆకు మెత్తగా, నీరుపట్టి పెరుగుతుంది, తెగులుకు విందు. దాని బదులు పొటాష్. ఎర్ర పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది, గ్రీన్ మీద ఆకు మాడ్చే భయం. 0-0-50 అని అమ్మే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ తెచ్చుకోండి. పది సెంట్లకు నెలకు రెండు కేజీల నాలుగు వందల గ్రాములు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు మూడు నెలలూ.

మరి పచ్చదనం తగ్గితే? మన బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా, సున్నం పట్టి ఉంటాయి. అలాంటి నీళ్ళకు గడ్డికి ఇనుము అందదు, ఆకు పసుపు తిరుగుతుంది. వేరుశనగ పసుపుబారితే మనవాళ్ళు కొట్టే అన్నభేదే ఇక్కడా మందు. పది సెంట్లకు మొత్తం అర కేజీ అన్నభేది, వంద గ్రాముల నిమ్మ ఉప్పు, పదహారు లీటర్ల ట్యాంకులు మూడు. సాయంత్రం పూట కొట్టండి. రెండు మూడు రోజుల్లో ముదురు ఆకుపచ్చ వస్తుంది, ఆకు అనవసరంగా పెరగదు. మోతాదు ఎక్కువైతే గడ్డి నల్లబడుతుంది. పక్కన సిమెంటు దారి ఉంటే దాని మీద పడనియ్యకండి, తుప్పు మరక తొందరగా పోదు.

తెల్లారి మంచు, మచ్చలు, పురుగులు

కార్తీక మాసం నుంచి తెల్లారేసరికి గ్రీన్ మీద మంచు తడి నిలుస్తుంది. ఆ తడి ఎంతసేపు ఆకు మీద ఉంటే బూజు తెగుళ్ళకు అంత సందు. పొద్దున్నే పొడుగు వెదురు బద్దతో గ్రీన్ మీద అటూ ఇటూ ఊపుతూ మంచు రాల్చెయ్యాలి. వెదురు లేకపోతే ఇద్దరు చెరో వైపు కొబ్బరి తాడు పట్టుకుని లాగినా చాలు. మందు ఖర్చు సగం తగ్గించేది ఈ పనే. మా దగ్గర పనిచేసే అక్క దీన్ని రోజూ చేస్తుంది. ఒకరోజు తనే "ఏంనా, ఇక్కడ సాలీడు గూడు కట్టినట్టుందే" అని పిలిచింది. వంగి చూస్తే తెల్లటి దారాలు, వాటి కింద గడ్డి ఎండుగడ్డి రంగులో, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద మచ్చ. ఎండ తగలగానే దారాలు మాయమై మచ్చ ఒక్కటే మిగిలింది.

అది డాలర్ స్పాట్ అనే బూజు తెగులు. ఆకలితో ఉన్న గడ్డికి వస్తుంది, కాబట్టి పైన బంద్ అన్న యూరియాను దీనికి మాత్రం అర కేజీ, అదీ ఎండ కాసిన రోజున ఇవ్వాలి. చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది. వాన తర్వాత ఉక్కపోసిన రాత్రి గడిచి, పొద్దున గడ్డి జిడ్డుగా, నల్లగా, నీళ్ళు పారిన దారి వెంబడే చారలుగా పడి ఉంటే అది వేరే తెగులు, పిథియం అంటారు. దానికి ఆలస్యం పనికిరాదు. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లేబుల్ మీద ఉన్న మోతాదుకే కొట్టండి, ఆ రోజు మెషిన్ గ్రీన్ మీదకు ఎక్కించకండి, చక్రాలతో తెగులు ఊరంతా తిరుగుతుంది. నీడలో పల్చబడిన చోట నల్లటి నాచు పేరుకుంటే మాంకోజెబ్ ఒక్కటే చాలు, కానీ నీడ తియ్యకుండా మందు కొడుతూ పోతే అది ఏటా వస్తుంది.

గోరింకలు, కొంగలు ఒకేచోట గుంపుగా పొడుస్తున్నాయా? అక్కడ పురుగు ఉంది. బకెట్ నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు కలిపి చదరపు మీటరు మేర పోసి ఐదు నిమిషాలు నిలబడండి. లద్దె పురుగులు ఉంటే తలలు పైకెత్తి వచ్చేస్తాయి. ఒకటీ రెండయితే పక్షులకే వదిలేస్తాం.

వాన కురిసే రోజుల్లో

చెయ్యకూడనివే ఎక్కువ. కటింగ్ వద్దు, నడక వద్దు, కప్పు మార్చడం వద్దు. తడిలో కప్పు తవ్వితే అంచు విరిగిపోతుంది, 108 మిల్లీమీటర్ల గుండ్రం రెండో రోజుకు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. వాన పడుతుందన్న కబురు తెలిసిన ముందు రోజే కప్పులు మిట్ట మీదికి మార్చుకోండి.

డ్రైనేజీ గొట్టం బయటికి వచ్చే చోటు మాత్రం వానలో తడిసైనా చూడాలి. మామిడాకు ఒక్కటి అడ్డం పడితే చాలు, గ్రీన్ చెరువవుతుంది. వాన వెలిశాక గొట్టంలోంచి నీళ్ళు కారుతూ, గంటలు గడిచేకొద్దీ తగ్గుతూ ఉంటే లోపల అంతా బాగున్నట్టు. పైన నీళ్ళు నిలిచి ఉండి గొట్టం పొడిగా ఉంటే అడ్డు ఎక్కడో చూసుకోవాలి. నిలిచిన నీళ్ళను రబ్బరు వైపర్‌తో బయటికి తోసి, ఆ చోట సన్న ఊచతో, బోలుది కాదు, నిండు ఊచ, గుచ్చి వదలండి.

మళ్ళీ మెషిన్ ఎప్పుడు ఎక్కించాలంటే, అంచున చెప్పు వేసుకుని ఒక అడుగు వేసి తియ్యండి. అచ్చు అలాగే నిలిచి అందులో నీరు మెరిస్తే ఇంకో పూట ఆగండి. ఈలోగా గడ్డి పెరిగిపోతుందే అని టెన్షన్ వద్దు. ఆగాక మొదటి కోత ఆరు మిల్లీమీటర్లకు, రెండు రోజుల తర్వాత ఐదుకు. ఒక్కసారి మూడో వంతు కంటే ఎక్కువ ఆకు తియ్యకూడదు.

మామిడి నీడ

శీతాకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు, తూర్పు దక్షిణాల్లో ఉన్న చెట్ల నీడ వేసవిలో లేని చోట కూడా పడుతుంది. తూర్పు నీడ మరీ చేటు, మంచు ఆరదు. కొమ్మ కొట్టేద్దామంటే తోటలు ఉన్నవాళ్ళకు తెలుసు, నవంబరులో తోతాపురి కొమ్మ కొడితే డిసెంబరు, జనవరిలో పూత ఉండదు. కాబట్టి కాయ దిగాక, ఆగస్టు లోపలే, ఈ నీడను ఊహించి కొమ్మలు తీయించాలి. ఎక్కడిదాకా తియ్యాలో తెలియాలంటే ఈ డిసెంబరులో పొద్దున తొమ్మిది గంటలకు నీడ అంచు వెంబడి సున్నం గీత గీసి ఫోటో తీసి పెట్టుకోండి. ఆగస్టులో ఆ ఫోటో చూపిస్తే చెట్టెక్కేవాడితో గొడవ ఉండదు.

సంక్రాంతి దాటి ఎండ ముదరడం మొదలయ్యాక బ్లేడు దించవచ్చు, అదీ వారానికి పావు మిల్లీమీటరు చొప్పున. ఐదు నుంచి నాలుగుకు రావడానికి నెల పడుతుంది. దానితోపాటే యూరియా మళ్ళీ కొద్దికొద్దిగా మొదలుపెట్టండి, తుంగ మొలకలుంటే నేల మెత్తగా ఉండగానే నేలలోని గడ్డతో సహా చేత్తో లాగించండి. వానల్లో తిరిగిన రోలర్, మెషిన్ బేరింగులకు గ్రీజు కొట్టించి, రీలును సానకు ఇవ్వండి. ఫిబ్రవరిలో అందరూ ఒకేసారి తెస్తారు, సానవాడు వారం తిప్పుతాడు.